పాపాయమ్మ గంపలో అడుగు చేప

పెదజాలారిపేటలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో పాపాయమ్మకి వాసనతోనే తెలిసిపోతుంది. తెలిసినా ఊరుకోదు, గుమ్మంలో నిలబడి మరీ అడుగుతుంది. "ఏటే, ఉల్లిపాయ మాడ్సేసినావేటి?" అరవై రెండేళ్ళొచ్చాయి. నలభై ఏళ్ళుగా నెత్తిన చేపల గంపతో చినవాల్తేరు వీధులు తిరుగుతోంది. కాళ్ళు అరిగాయి గానీ, ఆ అడిగే జబ్బు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

అలాంటి మనిషి ఓ మంగళవారం పొద్దున్న, రోజూ తిరిగే వీధిలోనే నిలబడిపోయింది. గంపలో కానాగంత చేపలున్నాయి. నాలుగడుగులు వేస్తే గౌరీశ్వరిగారిల్లు, ముప్పై ఏళ్ళ బేరం. కానీ ఆ పూట ఏ గేటు ఎవరిదో పోల్చుకోలేకపోయింది. ఎటు వెళ్ళాలో సరే, ఎటునుంచి వచ్చిందో కూడా అంతు చిక్కలేదు. చివరికి గౌరీశ్వరే చూసి, చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, ఇంటికి ఫోను చేసింది.

కోడలు సాయిదుర్గ ఆటోలో వచ్చింది. ఇంటికి చేరగానే గంపని అటక మీదకి తోసేసింది.

"ఇంక నువ్వు బేరానికెల్లొద్దత్తా. ఆ సిలకమ్మ మామ్మలాగే అయిపోతన్నావు."

ఆ మాట పాపాయమ్మ గుండెలో ముల్లులా దిగింది. చిలకమ్మ తన అత్త. చివరి మూడేళ్ళూ కన్నకొడుకునే "ఎవులు బాబూ నువ్వు?" అని అడిగిన మనిషి. ఆవిడకీ సుగరే, తనకీ ఎనిమిదేళ్ళుగా సుగరే. పాపాయమ్మకి భయమేసింది. కానీ ఆ భయం కుదురుగా కూర్చోకముందే వెనకనుంచి ఓ ప్రశ్న దాన్ని తోసేసింది. ఈ రెండు జబ్బులకీ ఏమైనా చుట్టరికం ఉందా?

మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికమంతురాలు. రక్తం తీయించింది. గొడుగు, చామంతి, బడి, అద్దం, ఎరుపు అని అయిదు మాటలు చెప్పి, కాసేపటికి మళ్ళీ అప్పజెప్పమంది. పాపాయమ్మ మూడు చెప్పి ఆగిపోయింది.

"సేపల పేర్లు సెప్పమ్మా, యాభై అప్పజెప్తాను!"

డాక్టరమ్మ నవ్వి, తిండి సంగతి అడిగింది.

"పంచదార ఎప్పుడో మానీసినాను. టీలో బెల్లమే ఏసుకుంటన్నాను."

"బెల్లం కూడా అంతేనండీ! మరి భోజనం?"

"పొద్దున్న సద్దన్నం, మజ్జానం అన్నం, రేత్రి అన్నం. పులుసుంటే సాలు."

"చేపలమ్ముతారు కదా, చేప తినరా?"

"సేపలు అమ్ముకోడానికి గదమ్మా!"

ఆ ఇంటి పద్ధతి అది. గంపలో మిగిలితేనే కూర, మిగలకపోతే తలకాయల పులుసు. అమ్ముకునే చేప మీద ఆశపడితే గంప అలుగుతుందని చిలకమ్మ చెప్పేది. బేరం బాగున్న రోజున ఇంట్లో చేప ముక్క ఉండదు, అన్నం మాత్రం కొండలా ఉంటుంది. కొత్త కోడలిగా వచ్చిన నాటినుంచీ పాపాయమ్మ ఈ మాట ఒక్కదానికే 'ఎందుకు' అని అడగలేదు.

డాక్టరమ్మ ఇన్సులిన్ గురించి చెప్పుకొచ్చింది. అది ఒంట్లో తాళంచెవి లాంటిదట. తాళం మొరాయిస్తే చక్కెర లోపలికి వెళ్ళక రక్తంలోనే ఉండిపోతుందట.

"మా ఇంటికి తాళవే నేదమ్మా. ఇంకోలా సెప్పు."

డాక్టరమ్మ ఆలోచనలో పడేసరికి పాపాయమ్మే అందుకుంది. "మా కొడుకు సింహాద్రి మరబోటుకెల్తాడు. ఐసు తెచ్చినోడు సేపలు దాసే అర మూత మీద కొడితే లోపలోళ్ళు తీస్తారు. ఉప్పుకి మూత బిగిసిపోయిందనుకో. ఇంకో ఇద్దరొచ్చి బాదుతారు. ఈలోగా ఐసు పైనే కరిగిపోద్ది, లోపల సేప కుళ్ళిపోద్ది. అదేనా?"

"అదే! ఆ బాదేవాడే ఇన్సులిన్."

"మరి బుర్రకీ అలాటి మూతుందేటి?"

"ఉండొచ్చనే వెతుకుతున్నారు. సుగరున్నవాళ్ళకి మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువని తెలుసు. ఎందుకన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. అందరికీ రాదు. మీది అదేనని ఇప్పుడే అనలేను, సుగర్ పైకీ కిందకీ ఊగినా అలా తికమక పడొచ్చు. మూడు నెలలు తిండి మార్చి చూద్దాం."

"అంటే మీకూ తెల్దన్నమాట!" పాపాయమ్మ మొహం విప్పారింది. తనలా అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారంటే ఎంతో బలం వచ్చినట్టయింది.

సాయిదుర్గ మాత్రం తేల్చి చెప్పేసింది. "మూడు నెల్లయ్యాక డాక్టరమ్మ ఊఁ అంటేనే గంప దించుతాను."

ఆ మూడు నెలలూ పాపాయమ్మ తన ఒంటినే పక్కింటి వంటలా పరీక్షగా చూసింది. పొద్దున్న చద్దన్నం బదులు చోడి అంబలి, అదే రాగి జావ. మధ్యాహ్నం సగం అన్నం, నాలుగు కవళ్ళ చేపలు, గుప్పెడు ఉలవలు. మొదటి వారం ఆకలికి కోడల్నీ, డాక్టరమ్మనీ, చివరికి ఉలవల్ని కూడా తిట్టింది. సాయంత్రాలు రేవుదాకా నడిచేది. దారిలో ఎదురైన గేట్లన్నీ ఎవరివో తనకి తానే అప్పజెప్పుకునేది. ఒక్కోసారి తప్పేది. తప్పినప్పుడు అక్కడే నిలబడి, "ఎందుకు తప్పినాను?" అని తనని తానే అడిగేది.

మూడు నెలలకి సుగర్ దిగింది. డాక్టరమ్మ అడిగిన అయిదు మాటల్లో ఈసారి నాలుగు చెప్పింది.

"తిండి వల్లే అని చెప్పలేను, పెద్దమ్మా. మాత్రలు మానొద్దు. కానీ గంప ఎత్తుకోవచ్చు. ఫోను మాత్రం దగ్గరుంచుకోండి."

సాయిదుర్గ గంప దించి, దుమ్ము దులిపి, అత్త నెత్తిన పెట్టింది. వీధి మలుపుదాకా వెనకే వచ్చింది.

ఆ నిలబడిపోయిన చోటికి వచ్చేసరికి పాపాయమ్మ కావాలనే ఆగింది. కుడివైపు నీలం గేటు. గౌరీశ్వరిది. గుండె నెమ్మదించింది.

గౌరీశ్వరి గంపలో చెయ్యి పెట్టి, అడుగున ఆకు కింద దాచిన లావుపాటి కానాగంతని పైకి లాగింది. "ఇది తూచు, పాపాయమ్మా."

"అది అమ్మనమ్మగోరూ."

"అదేమిటి! ఇన్నేళ్ళలో నువ్వు అమ్మనన్న చేప లేదే?"

పాపాయమ్మ చేపని లాక్కుని, ఆకు కప్పి, అడుగునే పెట్టేసింది. "అది నా మజ్జానం కూరకి. గంప అలుగుతాదో నేదో, ఈయాల సూస్తాను."