కిస్మత్ కాదు, కార్తూస్ మందు

ఆ రోజు తుపాకీ మోత తేడాగా వినిపించింది. ఎప్పుడూ ధుమ్మని మోగి వాకిలంతా తెల్లటి పొగ కమ్మేది. ఈసారి చెవులు చిల్లులు పడేలా ఫట్టుమంది. పొగ లేదు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి మా ఆయన ఎడమచెయ్యి నెత్తురు ముద్ద.

పదేళ్ల కిందటి మాట, డెబ్భైల చివర. మా ఆయన ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో యంత్రాల నక్షలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. చౌధరీగారింట్లో అద్దెకుండేవాళ్లం. వాళ్లింట్లో పెళ్లికొడుకు ఊరేగింపు బయల్దేరేముందు, గౌరవించదలచిన అతిథి చేత టోపీదార్ తుపాకీ పేల్పిస్తారు. గొట్టం మూతిలోంచి మందు కూరే పాతకాలపుది. ఆ రోజు ఆ అతిథి మా ఆయనే. అందులో పోసే నల్ల బారూద్ పొడి చెమ్మగిల్లిందని చౌధరీగారి తమ్ముడు కొత్త తుపాకీ కార్తూస్‌లు, అంటే తూటాలు కోసి, వాటిలో మందు పాత కొలతతోనే నిండుగా పోశాడు. పొగరాని ఆ మందు జోరు పాత గొట్టం తట్టుకోలేదు. చీలిపోయింది.

ఢిల్లీ ఆసుపత్రిలో సర్జన్ ఎక్స్‌రే చూసి, "థంబ్ బతకదమ్మా. మిగతా వేళ్లు చూద్దాం" అన్నారు. చచ్చిన కండ తీసే డిబ్రైడ్‌మెంట్ అన్నారు, చర్మం అతికే స్కిన్ గ్రాఫ్ట్ అన్నారు. ఇన్ఫెక్షన్ వచ్చి గ్రాఫ్ట్ ఊడింది. మళ్లీ తొడ చర్మం తీశారు. చౌధరీగారు పళ్లు పట్టుకొచ్చి, అంతా తలరాతేనని నిట్టూర్చారు.

"సబ్ కిస్మత్ కీ బాత్ హై, బేటీ."

"కిస్మత్ నహీ, చౌధరీజీ. కార్తూస్ కా మసాలా!" అన్నాను. తలరాత కాదు, తూటాలో మందని అంత గట్టిగా అనేసరికి వార్డంతా నావైపు తిరిగింది. తిరగనీ.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చారు. "ఇంక నాకు డ్రాయింగ్ బోర్డు లేదే. స్టోర్లో కూర్చోబెడతారు."

"గీసేది కుడిచెయ్యే కదండీ!"

"కాగితం మీద టీ-స్క్వేర్ బద్ద నొక్కిపట్టేది ఎడమచెయ్యి."

"అయితే అరచేత్తో నొక్కండి!"

నాకు జాలి కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది. ఫిజియోథెరపీకి రోజూ బస్సులో లాక్కెళ్లాను. మిగిలిన వేళ్లు బిగుసుకుపోయి కేకలేస్తుంటే నేనూ ఏడుస్తూనే వంచాను. భోజనాల బల్ల మీద బోర్డు పరిచి, గీత వంకరపోయినప్పుడల్లా కొత్త కాగితం పెట్టాను. ఆఫీసులో "లైట్ డ్యూటీ ఇస్తాం" అంటే, ముందు ఒక్క షీట్ గీయించి చూడమన్నాను. గీశారు. ఇప్పటికీ ఆ బోర్డు దగ్గరే ఉన్నారు.

మొన్న అదే ఇంట్లో పెళ్లికి, మర్యాదంటూ మళ్లీ ఇంకో టోపీదార్ తెచ్చారు. మొహమాటానికి ఈయన చెయ్యి చాచబోయారు. నేను అడ్డం నిలబడి, ఏం మందు పోశారని అడిగాను. ఎవరికీ తెలియదు. "మద్రాసీలు డర్‌పోక్, పిరికిగొడ్లు" అని నవ్వారు. అవును, భయమే. బొటనవేలు ఇచ్చి కొనుక్కున్న భయం.

నేను చెప్పేది ఒక్కటే. నల్ల బారూద్ తుపాకీలో కార్తూస్ మందు చిటికెడు కూడా పనికిరాదు. గొట్టంలో ఏముందో పోసినవాడు చెప్పలేకపోతే దాన్ని ముట్టుకోకండి. అలిగేవాళ్లని అలగనివ్వండి.