తెలియదని చెప్పే యాప్

మా విద్యాధర్‌కు ఒకటే రోగం: ఏ సంగతైనా దాని సొంతదారు నోట వింటే తప్ప నమ్మడు. సెలవు మంజూరైందని మేము చెబితే చాలదు, మేనేజర్ గదిలోకి వెళ్లి ఆయన నోటితో అనిపించుకుని వస్తాడు. కరీంనగర్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆరేళ్లుగా ఇతని పక్క కుర్చీ నాది. ఇంత ఓపికకు నాకు ఇంతవరకూ ఎవరూ శాలువా కప్పలేదు.

పెళ్లిచూపుల్లోనూ ఇదే తంతు. "పిల్లకు నువ్వు నచ్చినవ్" అని మధ్యవర్తి చెబితే వినకుండా పిల్లను, వాళ్ల అమ్మను, బాపును విడివిడిగా అడిగాడట. అంతటితో ఆగాడా? నాయనమ్మ దగ్గరికీ పోయాడు. "నచ్చలే" అందామె. పెళ్లయితే అయింది గానీ, ఆ ముసలామె ఇప్పటికీ మాట మార్చలేదు.

ఇలాంటివాడితో కలిసి ఒక డయాలసిస్ సెంటర్‌కు యాప్ చేయమన్నారు మా మేనేజర్ దయాకర్‌రావు సారు. రోగి వంతు ఎప్పుడో ఒక సర్వర్‌లో ఉంటుంది, పరీక్షల ఫలితాలు ఇంకోదాంట్లో, మిషిన్ల సంగతి మూడోదాంట్లో. అన్నీ ఒకే పేజీలో కనిపించాలి. గంటకోసారి మూడింటినుంచీ కాపీ తెచ్చి ఒక్కచోట పెట్టుకుందామన్నాను నేను. నొక్కగానే పేజీ తెరుచుకుంటుంది.

"గంట కిందటి ముచ్చట చెప్తవా ప్రణతీ? నొక్కినప్పుడే మూడింటినీ అడగాలె," అన్నాడు విద్యాధర్.

"ఒకటి జవాబియ్యకపోతే?"

"మూడు సెకన్లు సూస్త. ఇయ్యకపోతే తెలియదని రాస్త. మిగిలిన రెండు సూపిస్త."

"తెలియదని చెప్పేటందుకు యాప్ ఎందుకన్నా? గంతమాత్రం నేను గూడ చెప్త!"

ఆఫీసంతా నవ్వింది. అతను మాత్రం 'తెలియదు' అన్న మాటను ఏ రంగులో రాయాలా అని రెండు రోజులు ఆలోచించాడు.

ఇద్దరినీ చేసి చూపమన్నారు సారు. బుధవారం పొద్దున సెంటర్‌లో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, ఖానాపూర్ లస్మవ్వ పేరు నొక్కాం. విద్యాధర్ యాప్‌ను ముందుగా తమ ఫోన్లలో వాడి చూస్తామని ఒప్పుకున్న రోగుల్లో ఆమె ఒకరు. నా పేజీ రెప్పపాటులో వచ్చింది: వంతు పన్నెండింటికి, మిషిన్ ఖాళీ. విద్యాధర్ పేజీ బద్ధకంగా ఒళ్లు విరుచుకుని, "వంతు పన్నెండింటికి. మిషిన్ సంగతి తెలియదు. బయలుదేరేముందు ఫోన్ చేయండి" అంది. కింద ఒక నంబరు. సారు నావైపు చూసి తల ఊపారు. నేను మురిసిపోయాను.

అంతలో విద్యాధర్ ఫోన్ మోగింది. ఆ నంబరు అతనిదే.

"బిడ్డా, లస్మవ్వను. బస్టాండ్ల ఉన్న. మిషిన్ తెల్వదని రాసినవట. రావాల్నా, వద్దా?"

"జరాగు అవ్వా," అంటూ మిషిన్లు చూసుకునే మల్లన్న దగ్గరికి పరుగెత్తాడు. మిషిన్లకు నీళ్లిచ్చే మోటారు కాలిపోయి అరగంటైందట, దాంతోపాటే మిషిన్ల సర్వర్‌కూ కరెంటు పోయిందట, సాయంత్రందాకా ఏదీ నడవదట. అక్కడినుంచి డాక్టరమ్మ దగ్గరికి పరుగు.

"అవ్వా, బస్సెక్కకు. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి నీ వంతు పెట్టిచ్చిన. డాక్టరమ్మనే అడిగిన, ఒక్కరోజు ఆగితే ఫికర్ లేదన్నది."

సారు నెమ్మదిగా నా ఫోన్‌వైపు చూశారు. 'మిషిన్ ఖాళీ' అని పచ్చగా ఇంకా వెలుగుతోంది.

అసలు సంగతి మల్లన్న చెప్పాడు. పోయిన నెల సెంటర్ వాళ్ల పాత యాప్‌లో ఇలాంటి పచ్చ అక్షరాలే నమ్మి, లస్మవ్వ వాచిన కాళ్లతో బస్సులు మారి వచ్చి, ఉత్తగా తిరిగి పోయిందట. ఆ రోజు ఈ యాప్ పనిమీద సెంటర్‌కు వచ్చి, ఆమెను తిరుగు బస్సెక్కించింది విద్యాధరే.

"గీ ముచ్చట మాకెందుకు చెప్పలేదన్నా?" అన్నాను.

"మీరు అడగలే," అన్నాడు.

నాకు సిగ్గేసింది. నా కాపీల పట్టికను నేనే చెరిపేసి, అతని నంబరు కింద నాదీ పెట్టాను. ఈ మహానుభావుడు అన్నం తినేటప్పుడైనా ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి కదా!

వారం తిరగకముందే లస్మవ్వ నాకు ఫోన్ చేసింది.

"మిషిన్ నడుస్తుంది, రా అవ్వా," అన్నాను దర్జాగా.

"నువ్వు సూసినవా బిడ్డా? పొయ్యి మల్లన్ననడిగి చెప్పు. నేనాగుత."

దర్జా పక్కన పెట్టి మల్లన్నకు ఫోన్ కలిపాను.