ఎక్స్‌రే ఫిలిం పట్టుకున్న చేతులు

మా బడి అచ్చు వేయించిన శాస్త్రవేత్తల కథల పుస్తకం అట్ట మీద నా పేరు ఉంది. ముందుమాట పక్కన పెడితే, ఆ పుస్తకంలో నేను రాసింది ఆ పేరు ఒక్కటే. మా బడిలో ఈ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. పుస్తకం తీసుకుపోయిన వాళ్ళకు తెలియదు కాబట్టి, వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను పుత్తూరుకు దగ్గర్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. కథలు రాసింది మా ల్యాబ్ అటెండరు. ఆమెది నగరి. ఇంట్లో మరమగ్గాలు. రోజూ రైల్లో వస్తుంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పిల్లలు ల్యాబ్ అక్క అంటారు. ఆమెకు కెమిస్ట్రీలో డిగ్రీ ఉందని నాకు ఆరేళ్ళ వరకూ తెలియలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక ఒక శాస్త్రవేత్త గురించి మైకులో చెప్పాలని మా హెడ్మాస్టరు పెట్టారు. ఆ పని నాకు పడింది. ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఏం కనిపెట్టాడు, ఎప్పుడు పోయాడు. నేను చదువుతూ ఉంటే పిల్లలు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉండేవాళ్ళు. ఒకరోజు ల్యాబ్‌లో బీకర్లు కడుగుతూ ఆమె అంది:

"సార్, పుట్టింది, పోయింది చెప్తే పిలకాయలకు ఏముంటాది? మధ్యలో బతికినాడు కదా ఆయప్ప. అది చెప్పండి."

"నువ్వు రాసియ్యమ్మా, నేను చదువుతా," అన్నాను, సరదాకే.

ఆ తర్వాతి సోమవారం ఆమె నిజంగానే రాసుకొచ్చింది. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు, రైలు కుదుపులకు వంకరపోయిన అక్షరాలతో. ఒక జర్మనీ ఆచార్యుడు కంటికి కనపడని కొత్త కిరణాలను కనిపెట్టాడు. భార్య చెయ్యి ఫలకం మీద పెట్టించి ఫోటో తీస్తే ఎముకలు కనిపించాయి. వేలికి ఉన్న ఉంగరం కూడా కనిపించింది. ఆమె హడలిపోయింది. ఆ కనుగొన్నదాని మీద హక్కులు తనకే ఉండాలని ఆయన అడగలేదు, లోకానికి వదిలేశాడు. చివర మా అటెండరు ఒక మాట చేర్చింది: 'మన పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే వాళ్ళు వేళ్ళతో తడిమి చూసేదాన్ని ఆయన కిరణాలతో చూసినాడు.'

ఆ రోజు ఆమె సంచిలో నుంచి ఒక ఎక్స్‌రే ఫిలిం తీసింది. ఇప్పుడు పుత్తూరు కట్టుకు వచ్చే వాళ్ళు కూడా ముందు ఎక్స్‌రే తీయించుకునే వస్తారు. కట్టు కట్టించుకున్నాక కొందరు ఫిలిం అక్కడే వదిలేసి పోతారు. అలాంటివి పాత సామాన్ల అంగడిలో ఏరుకొచ్చింది. నేను చదువుతుంటే ఆమె పక్కన నిలబడి, ఫిలింను రెండు చేతులతో తలపైకెత్తి ఆకాశానికి అడ్డంగా పట్టుకుంది. ఎవరిదో విరిగిన మణికట్టు. మూడు వందల మంది పిల్లలు మెడలు చాచి చూశారు. ఒక్కరూ కాలు మార్చలేదు.

మైకు టీచర్లకే అన్నది మా బడిలో ఎవరూ రాయని రూలు. మొదటి రెండు వారాలు, 'ఇది మన ల్యాబ్ అక్క రాసింది' అని చెప్పాను. మూడో వారం మరిచిపోయాను. నాలుగో వారం మరిచిపోలేదు, అయినా చెప్పలేదు.

కథలు వస్తూనే ఉన్నాయి. రేకుల షెడ్డులో పెద్ద పాత్రలో ఖనిజాన్ని ఇనుప కడ్డీతో కలియబెడుతూ రేడియంను పట్టుకున్న పోలండు ఆడపడుచు. ఓడలో వస్తూ సముద్రం ఎందుకు నీలంగా ఉందని ఆలోచనలో పడిన మన మద్రాసు వైపు ఆయన. ఒకసారి మన శరీరం కట్టుబడికి నక్షాలాంటి అణువు కథ వచ్చింది. ఆ అణువు మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని కనిపెట్టడానికి లండన్‌లో ఒకామె ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే ఫోటో ఆధారమైంది. ఆమెకు తెలియకుండా ఆ ఫోటోను తోటివాడు ఇంకొకరికి చూపించాడు. పేరు మగవాళ్ళకు వచ్చింది. ఆమె చిన్న వయసులోనే పోయింది. తర్వాత బహుమతి ముగ్గురు మగవాళ్ళు తీసుకున్నారు.

ఆ కథ నేను గొంతు తగ్గించి, ఆగి ఆగి చదివాను. "పని ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇది న్యాయమేనా పిల్లలూ?" అని అడిగాను. "కాదు సార్," అని గ్రౌండంతా అరిచింది. పక్కనే ఫిలిం ఎత్తి పట్టుకొని నిలబడిన మా అటెండరు మెల్లగా అంది:

"సార్, ఫిలిం దించొచ్చునా? చేతులు పీకతాండాయి."

అప్పుడు కూడా నాకు వెలగలేదు. చప్పట్లు వింటున్నాను.

పుస్తకం వేద్దామన్నది హెడ్మాస్టరు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు అచ్చు వేయించడానికి ఒప్పుకున్నారు. టైపు చేసే అతను, "రాసినోళ్ళ పేరు ఏమని పెట్టేది సార్?" అని అడిగాడు. నా పేరు చెప్పాను. ముందుమాటలో హెడ్మాస్టరుకు, ఫ్యాక్టరీకి, టైపు చేసినతనికి, చివరికి నా భార్యకు కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఆవిష్కరణ రోజు వేదిక మీద ఆ శాస్త్రవేత్తల ఫోటోలన్నీ వరసగా పెట్టించాను. మన పద్ధతి ఉండనే ఉంది కదా. ఉదయమే అన్ని ఫోటోలకూ కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండలు వేసి, ముందు అగరబత్తీలు వెలిగించాను. పైనుంచి వచ్చిన అధికారి దీపం వెలిగించి, ఫోటోలు చూస్తూ వచ్చి ఆఖరిదాని ముందు ఆగిపోయారు. ప్రపంచంలోని కంప్యూటర్లలో ఉన్న సమాచారాన్నంతా ఒకే సాలెగూడులా అల్లే పద్ధతిని కనిపెట్టి, అందరికీ ఊరికే ఇచ్చేసిన ఇంగ్లాండు ఆయన ఫోటో అది.

"ఈయన పోయినాడా? ఎప్పుడప్పా?" అన్నారు అధికారి.

నాకు తెలియదు. నా పేరుతో ఉన్న పుస్తకంలో పద్దెనిమిదో కథ ఆయనదే. వేదిక కింద నిలబడిన ఆమె వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. బతికే ఉన్నాడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. మైకు నా చేతిలోనే ఉంది.

"మా అటెండరు పొరపాటు సార్," అన్నాను.

ఆమె వేదిక ఎక్కి ఆ ఫోటో మీది దండ తీసి, కొంగుతో బొట్టు తుడిచి, అగరబత్తీని కాస్త పక్కకు జరిపి దిగిపోయింది. హెడ్మాస్టరు మాత్రం నా చెవిలో, "ఆయుష్షు పెరుగుతాదిలే అప్పా," అన్నారు.

తర్వాతి సోమవారం నా బల్ల మీద కాగితం లేదు. మైకు ముందు నిలబడి ఏదో ఒకటి మొదలుపెట్టాను. ఎక్కడ పుట్టాడో చెప్పాను. పిల్లల కాళ్ళు మారడం కనిపించింది. హెడ్మాస్టరు మధ్యలోనే మైకు తీసుకొని, "ఈ రోజు శాస్త్రవేత్త సెలవు పెట్టినట్టుండాడు. క్లాసులకు పోండి," అన్నారు.

ల్యాబ్‌కు వెళ్ళాను. ఆమె పరీక్ష నాళికలు స్టాండులో సర్దుతోంది.

"తప్పయిపోయింది. మీరు క్షమించాలి," అన్నాను.

"మీరు అంటాండారే! ఇన్నేళ్ళూ నువ్వే కదా. నాకు భయంగా ఉండాది సార్."

"నిజంగానే చెబుతున్నా. పుస్తకం మళ్ళీ వేసేటప్పుడు మీ పేరే ఉంటుంది. నాది తీసేయిస్తా."

ఆమె చివరి నాళిక పెట్టి చేతులు తుడుచుకుంది.

"పేరు సంగతి సరే సార్, పెట్టండి. వద్దంటే అబద్ధం అవుతాది. కానీ నేను రాయంది మీరు రాయకూడదు, రాసింది తీసేయకూడదు. ఆ లండన్ ఆమె కథలో నేను ఒక మాట రాసినా. పోయినోళ్ళకు ఆ బహుమతి ఇయ్యరని. మీరు దాన్ని కొట్టేసినారు."

నిజమే. పిల్లలకు ఇంకా బాధ కలగాలని కొట్టేశాను.

"బహుమతి ఇయ్యకపోవడం తప్పు కాదు సార్. ఆమెను అడక్కుండా చూపించడం తప్పు. అది బతికుండంగానే జరిగింది." స్టాండును గోడవైపుకు జరిపింది. "ఇంకోటి. దండ తప్పు నాదని మైకులో చెప్పినారు. ఈడ ల్యాబ్‌లో నాకు చెప్తే అది పోదు."

ఆ రాత్రి నా భార్యకు చెబితే, "ముందుమాటలో నాకు కృతజ్ఞతలు ఎందుకు చెప్పినావో ఇప్పుడు అర్థమయింది. ఆమె పేరు ఉండాల్సిన చోటు నింపడానికి," అంది. సోమవారం ఉదయం నా చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి పెట్టింది.

ప్రార్థన అయ్యాక మైకు తీసుకున్నాను. దండలు వేసింది నేనేనని, అటెండరు కాదని చెప్పాను. పుస్తకంలోని కథలన్నీ ఆమె రాసినవేనని చెప్పాను. వెనక వరసలో నుంచి ఒక అమ్మాయి, "మాకు తెలుసు సార్. అక్షరాలు అక్కవే కదా," అంది. ల్యాబ్ సీసాల మీద చీటీలు రాసేది ఆమే; నా బల్ల మీద పడి ఉండే ఆ కాగితాలు నోటు పుస్తకాలు దిద్దించుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన తల ఊపారు. మైకు ఆమెకు ఇచ్చాను.

ఆమె దాన్ని గడ్డానికి ఆనించి పట్టుకుంది, అరిచినట్టు వినిపించేసరికి దూరం జరిపింది. లండన్ ఆమె కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పసాగింది, ఈసారి కొట్టివేత లేకుండా. సంచిలోంచి ఫిలిం తీసి నాకు ఇచ్చింది. రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకున్నాను. ఆమెకు తొందర లేదు. ఆ ఫోటో తీయడానికి ఎన్ని గంటలు పట్టిందో, తేమ ఎంత ఉండాలో, ఎందుకు ఉండాలో, అన్నీ చెబుతోంది. నా భుజాలు లాగడం మొదలుపెట్టాయి. ఇన్ని సోమవారాలు ఇలాగే నిలబడిందా అనుకున్నాను.

"అమ్మా, దించొచ్చా?" అన్నాను మెల్లగా.

ఆమె మైకును కాస్త పక్కకు తిప్పింది.

"అప్పుడేనా? సగం కథ కూడా కాలేదు సార్. పట్టుకోండి."