పదో చప్పుడు

మా మేస్టారు పరమపదించి నేటికి ఇరవై ఆరు రోజులు. ఉపాధ్యాయుల పత్రికవారు ఆయన గురించి నాలుగు మాటలు రాసి పంపమన్నారు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతున్నాను, మా మరిది రాస్తున్నాడు. ఆయన పోయారన్న మాట రోజూ పొద్దున్న లేచి మళ్లీ కొత్తగా తెలుసుకుంటున్నాను. పొయ్యి మీద ఇద్దరికి సరిపడా ఎసరు పెట్టేసి, అప్పుడు గుర్తొచ్చి సగం నీళ్లు పారబోస్తున్నాను.

ఊరందరికీ ఆయన మేస్టారు. నాకు మేనత్త కొడుకు, బావ, కట్టుకున్న మనిషి. చీపురుపల్లికి రెండు కోసుల దూరంలో మా ఊరు. ఒక్క గది బడి, ఒక్కరే మేస్టారు. శనివారం వస్తే ఆ గదికి గొళ్లెం పెట్టి పిల్లల్ని మా ఊరి వాగు, గెడ్డ గట్టుకి తీసుకుపోయేవారు. నీళ్లలో కప్పగుడ్లు, గట్టు మీద చీమల బారులు, చెట్ల కొసన గిజిగాడి గూళ్లు, అవే ఆనాటి పాఠాలు. "పుస్తకంలో చదివింది బయట చూసిరావాలి, బయట చూసింది ఇంట్లో చెప్పాలి" అనేవారు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? "మేమూ సిన్నప్పుడు గెడ్డ గట్టు మీదే తిరిగినాం, మాకెవులూ సర్టిఫికెట్టివ్వలేదు!" అని రచ్చ దగ్గర ఎకసెక్కాలు. ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు.

ఆయన చిన్నప్పటినుంచీ పట్నంలో చదువుకున్న మనిషి. పైరు సంగతి అంతగా తెలియదు. ఒకసారి కలుపుగడ్డి వేరు చూపిస్తానని ఒకరి చేలో గుప్పెడు మొక్కలు పీకారు. పిల్లలు గొల్లున నవ్వారు. "మేస్టారూ, అది గడ్డి కాదు, సోళ్లు!" ఆ రాగి చేనుగలాయన పరుగెత్తుకొచ్చి, "ఇదేటి మేస్టారూ, మా అంబలి పీకేసినావు!" అన్నాడు. మా బావ సిగ్గుపడలేదు. పంచె కొంగు తడిపి మొక్కల్ని అందులో చుట్టి, "ఇవి ఎలా నాటాలో చెప్పండర్రా, ఈ పూట మీరే మేస్టార్లు" అని పిల్లల చేతే నాటించారు. కోత అయ్యేదాకా ప్రతి శనివారం వెళ్లి ఆ మొక్కల్ని పలకరించి వచ్చేవారు. ఆనాటినుంచి శుక్రవారం సాయంత్రం నా దగ్గర కూర్చుని, ఏ మొక్క ఏదో అడిగి తెలుసుకునేవారు. "సదువు రాని దాన్ని, నన్నడుగుతావేటి బావా?" అంటే, "నువ్వు చదివిన బడి పెద్దది" అనేవారు. వేళాకోళమనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట గుండెలో గుచ్చుకుంటోంది.

అన్ని పాఠాల్లోనూ ఆయనకు ఇష్టమైనది వినే పాఠం. పిల్లలు తాటిమాను చుట్టూ కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఆయన మానుకి చేరబడి తానూ కళ్లు మూసుకునేవారు. పది చప్పుళ్లు వినాలి. మేస్టారు కళ్లు తెరిచేదాకా ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు. మధ్యాహ్నానికి నేను అంబలి గిన్నెతో గట్టెక్కి వస్తుంటే దూరంనుంచే నా గాజులు వినిపించేవి. ఆయన కళ్లు తెరవకుండానే నవ్వి, "అదిగో, పదోది" అనేవారు. అప్పుడు కళ్లు తెరిచేవారు, పిల్లలు లేచేవారు.

ఆ శనివారం నేను గట్టెక్కాను. ఆయన నవ్వలేదు. పిల్లలు కళ్లు మూసుకుని బొమ్మల్లా కూర్చున్నారు. దగ్గరికెళ్లి "బావా" అని భుజం తట్టాను. ఒక పక్కకి ఒరిగిపోయారు.

అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది. "ఇంతమందిలో ఒక్కరికీ నోరు లేదేటర్రా! మనిషి సచ్చిపోతంటే సూస్తా కూకున్నారా!" పిల్లలు భయంతో చెల్లాచెదురైపోయారు. గుండె ఆగిందని, పక్కనే ఉన్నా ఎవరేం చేయగలిగేవారు కాదని తరువాత డాక్టరుగారు చెప్పారు. కాని నా మాట అప్పటికే పసివాళ్లకి తగిలేసింది.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున పైడమ్మ తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పైడమ్మ మూడో తరగతి పిల్ల. ఎప్పుడూ మేస్టారి మోకాలికి ఆనుకుని కూర్చునేది. "అమ్మగోరూ, మా గుంట గంజి కూడా ముట్టడం లేదు. మేస్టార్ని నానే సంపేసినాను అంతాది. ఆ ఒక్కమాటే." నెల తిరగకుండా గడప దాటకూడదని, కర్మలకి వచ్చి ఉన్న మా అత్త అడ్డం వచ్చింది. "నా నోటితో పెట్టిన చిచ్చు నేనే ఆర్పాలి అత్తా" అని బయలుదేరాను.

పైడమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఆయన అడిగినట్టే అడిగాను. "ఆ రోజు ఏటేటి ఇన్నావే తల్లీ?"

ఒక్కొక్కటిగా వేళ్లు ముడిచింది. తాటాకులు. గెడ్డ నీళ్లు. ఎవరిదో మేక. చీపురుపల్లి స్టేషనులో బొగ్గింజను కూత. అలా ఎనిమిది చెప్పి ఆగింది. "తొమ్మిదోది మేస్టారి ఊపిరి. మళ్లీ ఇనబళ్లేదు. సిన్నగా తీస్తన్నారనుకున్నాను. మాటాడకూడదు కదా అమ్మగోరూ."

"మరి పదోది?"

బోసిగా ఉన్న నా చేతులు చూసింది. "నీ గాజులు."

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. "నా బావ ఆకరి ఊపిరి నాను ఇనలేకపోయినాను. నువ్విన్నావు. ఆయన ఒక్కడూ పోలేదే అమ్మా, నీ పక్కనుండి పోయినాడు. నువ్వు సంపలేదు, సాగనంపినావు." అది అప్పుడు ఏడ్చింది. ఆ పూట నా చేత్తో గంజి తాగింది.

మొన్న శనివారం తల్లుల్ని బతిమాలి పిల్లల్ని గట్టుకి పంపించాను. బావ పెట్టిన నియమంలో ఒక్కటే మార్చాను. భయమేస్తే పది అవకుండానే అరవాలని. మధ్యాహ్నం అంబలి గిన్నె పట్టుకుని చప్పుడు లేకుండా గట్టెక్కాను. కళ్లు మూసుకునే పైడమ్మ అరిచింది. "పది! అమ్మగోరు!"

"ఎలా తెలిసిందే?"

"ముక్కు సీదినావు కదేటి!"

పిల్లలందరూ నవ్వారు. ఆయన పోయాక ఆ గట్టు మీద అదే మొదటి నవ్వు.

బడికి మరొక మేస్టారు వస్తారు. కుర్చీ నిండుతుంది. తాటిమాను మొదట్లో ఆయన చేరబడిన చోటు మాత్రం పిల్లలు ఖాళీగా వదిలి చుట్టూ కూర్చున్నారు. నేనూ అక్కడ కూర్చోలేదు. తెచ్చిన అంబలి గిన్నె అక్కడ పెట్టి, ఆ పుణ్యాత్ముడికి చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాను. తాటాకులు వినిపించాయి, గెడ్డ వినిపించింది, పిల్లలందరి ఊపిరీ వినిపించింది. ఒక్కటి తక్కువైంది.