మేనమామనని చెప్పుకొచ్చిన మనిషి

2022 ఏప్రిల్. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక బట్టల దుకాణం పైన మూడో అంతస్తులో ఉండేది మా కోచింగ్ సెంటర్. పోలీసు ఉద్యోగాల పరీక్షలకు బ్యాచ్‌లు కిటకిటలాడుతున్న రోజులు. ఎనభై మంది పట్టే గదిలో నూట పది మంది కూర్చునేవాళ్ళు. నేనక్కడ రీజనింగ్ చెప్పేదాన్ని. అప్పటికి ఆ పనిలో పదకొండో ఏడు.

రీజనింగ్‌లో బ్లడ్ రిలేషన్స్ అని ఒక పాఠం ఉంటుంది. ఫొటోలో ఉన్న ఆమెను చూపించి ఒకడు, 'ఈమె మా నాన్న ఏకైక కొడుకు భార్యకు అత్తగారు' అంటాడు; ఆమె అతనికి ఏమవుతుంది? ఇలాంటివి. పరీక్షలో ఒక్కో ప్రశ్నకు నలభై సెకన్లకు మించి దొరకవు. అందుకని డయాగ్రామ్ గీయడం నేర్పుతాం. మగవాళ్ళకు ప్లస్, ఆడవాళ్ళకు మైనస్, భార్యాభర్తల మధ్య జంట గీత, ఒక్కో తరం ఒక్కో మెట్టు కిందికి. పిల్లలకు మొదటి రోజే చెప్పేదాన్ని: పేరు చూసి ఆడా మగా అనుకోవద్దు, ఇవ్వని సంగతి ఊహించుకోవద్దు, చాలకపోతే 'డేటా ఇన్‌అడిక్వేట్' అనే ఆప్షన్ పెట్టి ముందుకు పొండి. అంటే, ఇచ్చిన సమాచారం సరిపోదు అని.

ఆ బ్యాచ్‌లో మమత అనే అమ్మాయి ఉండేది. ఇరవై నాలుగేళ్ళు. దేవరకొండ వైపు పల్లెటూరు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. రెండో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. పెళ్ళయిందని అడ్మిషన్ ఫారంలో రాసింది కానీ మెళ్ళో ఏమీ ఉండేది కాదు. నేను అడగలేదు. హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆడపిల్లల సొంత సంగతులు అడగకపోవడమే మర్యాద అనుకునేదాన్ని.

ఆరోజు మధ్యాహ్నం రెండున్నరకు క్లాసు మొదలుపెట్టాను. పావుగంటకు రిసెప్షన్‌లో కూర్చునే రేణుక తలుపు దగ్గరికి వచ్చి చేయి ఊపింది. బోర్డు మీద ఒక లెక్క ఇచ్చి బయటికి వెళ్ళాను.

"మమత కోసం వాళ్ళ మేనమామ వచ్చిండు మేడం. అర్జెంటట" అంది.

కౌంటర్ ముందు నలభై ఏళ్ళ మనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. చెమట తుడుచుకుంటూ నన్ను చూసి దణ్ణం పెట్టాడు.

"నమస్తే మేడం. మమత మా మేనకోడలు. జర పంపియ్యుండ్రి, జల్ది పోవాలె."

"ఏమైందండీ?"

"మా అన్నకు సీరియస్ ఉంది. లారీ బోల్తావడ్డది. దవాఖానల వేసిన్రు."

"మీ అన్నగారంటే?"

"మమత వాళ్ళ నాయిన మేడం. మా సొంత అన్ననే."

ఆ అమ్మాయికి ఎలా చెప్పాలా అనుకుంటూ వెనక్కి తిరిగాను. రెండడుగులు వేశాక, రోజూ అదే పని చేసే బుర్ర కాబట్టి, ఆ మాటలు వాటంతట అవే గీతలుగా మారాయి. మేనమామ అంటే తల్లికి తోడబుట్టినవాడు. అతని సొంత అన్న కూడా ఆ అమ్మాయికి మేనమామే అవుతాడు. తండ్రి ఎలా అవుతాడు? ఇంగ్లీషులో అయితే అటు అంకులే, ఇటు అంకులే, పట్టుబడేది కాదు. మన మాటల్లో రెండూ ఒకచోట కుదరవు.

అయినా నమ్మకం చాల్లేదు. మాది తెనాలి వైపు. ఇక్కడి పిలుపులు కొన్ని నాకు ఇప్పటికీ కొత్తే. ప్రమాదం జరిగిన కంగారులో మనిషి తడబడి ఉండొచ్చు కూడా. రేణుకది నల్గొండ. ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాను.

"మీ వైపు మేనమామ తన బావగారిని అన్న అని పిలుస్తాడా?"

"పిలవడు మేడం. బావనే అంటడు" అంది. అన్నాక ఆమె ముఖం మారిపోయింది.

నేను కౌంటర్ దగ్గరికి తిరిగి వెళ్ళి, "ఏ హాస్పిటల్ అండీ?" అన్నాను.

"ఎల్బీ నగర్ దిక్కు. మావోనికి ఎర్క, కింద కారుల ఉన్నడు. మేడం, మీరు గిన్ని అడుగుడేంది? గక్కడ మనిషి పానం పోతుంది."

నిజంగా తండ్రి చావుబతుకుల్లో ఉంటే? ఒక్క పిలుపు తేడా పట్టుకుని కూతుర్ని ఆపిన పాపం నాది కాదా? ఆమె ఈ బ్యాచ్‌లో ఉందో లేదో చూసి చెబుతాను, కూర్చోండి అన్నాను. అబద్ధమని నా గొంతే చెబుతున్నట్టు అనిపించింది.

మా క్లాసుగదికి వెనకవైపు ఒక తలుపు ఉండేది. అది స్టాఫ్ రూమ్‌లోకి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి బయటికి దారి లేదు. కిందికి దిగాలంటే రిసెప్షన్ దాటాలి, మెట్లు ఒక్కటే. డైరెక్టర్ గారు ఆరోజు ఊళ్ళో లేరు. నేను లోపలికి వెళ్ళి మమత బల్ల దగ్గర వంగి, బ్యాగు అక్కడే వదిలేసి వెనక గదిలోకి రమ్మన్నాను.

స్టాఫ్ రూమ్ గోడకు సీసీ కెమెరా తెర ఉండేది. దాంట్లో రిసెప్షన్ కనబడుతుంది. ఆమెకు ఏమీ చెప్పకుండా తెర చూపించి, "ఈయన ఎవరమ్మా?" అని అడిగాను.

మమత తెర వంక చూసింది. ఒక్కసారిగా గోడకు ఆనుకుపోయింది.

"మా బావ" అంది. "మా ఆయనకు అన్న."

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. భర్త కొట్టేవాడు. ఏడాది కింద రెండు రోజులు గదిలో పెట్టి బయట తాళం వేశారు. తాళం వేసింది ఈ బావే. పక్కింటివాళ్ళు వాళ్ళ నాన్నకు ఫోన్ చేస్తే ఆయన వచ్చి తీసుకుపోయాడు. మళ్ళీ దొరికితే ఈసారి బయటికి రానియ్యమని అత్తింటివాళ్ళు కబురు పంపారట. హైదరాబాద్‌లో ఎక్కడుంటుందో తల్లికి, తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు.

"మీ నాన్నకు లారీ బోల్తాపడిందని చెబుతున్నాడు" అన్నాను.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. నాలుగోసారి కూడా ఎత్తకపోయేసరికి మమత కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

"నిజంగనే అయిందేమో మేడం. నేను పోతా."

"పది నిమిషాలు ఆగమ్మా."

"పది నిమిషాలల్ల నాయిన పోతే?"

ప్రమాదం మాట కూడా అబద్ధమే అనుకోవడానికి నాకున్నదల్లా అతను చుట్టరికం అబద్ధమాడటమే. ఆమె చేయి పట్టుకున్నాను. "ఫోన్ చేస్తూనే ఉండు. నేను వచ్చి చెప్పేదాకా ఈ తలుపు తీయొద్దు" అన్నాను. ఆమె కూర్చుంది. లోపల గడియ పెట్టుకోమని చెప్పి, క్లాసులో అడుగుపెడుతూనే నా ఫోన్ నుంచి వంద నంబరుకు చేసి, బోర్డు వైపు తిరిగి చిన్నగా అడ్రసు చెప్పాను. ముందు బెంచీల వాళ్ళు విన్నారు. ఆ మాట వెనక వరసల దాకా పాకింది.

ఏం చేయాలో తోచక పాఠం చెప్పడం మొదలుపెట్టాను. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఏం గీశానో ఇప్పుడు గుర్తులేదు. గీత ఒకటి మెట్టు దిగాల్సిన చోట అడ్డంగా పోయిందని మాత్రం గుర్తుంది. ఎవరూ తప్పని అనలేదు.

ఐదు నిమిషాలు అయి ఉంటుంది. రేణుక వద్దంటున్నా వినకుండా ఆ మనిషి క్లాసు తలుపు దగ్గరికి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి ఒక్కో వరసా చూడసాగాడు. మొదటి వరస. రెండో వరస. కిటికీ పక్కన ఖాళీ, బల్ల మీద నీలం బ్యాగు, తెరిచిన నోట్‌బుక్కు.

"గా బ్యాగు ఎవలది?" అన్నాడు.

మమత పక్కన శ్రావణి అని సరూర్‌నగర్ నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. మాట్లాడటమే తక్కువ. ఆమె నెమ్మదిగా ఆ బ్యాగును తన ఒళ్ళోకి లాక్కుంది.

"నాదే" అంది. నోట్‌బుక్కు కూడా మూసి తన పుస్తకం కింద పెట్టుకుంది.

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. వెనక తలుపు వైపు కూడా చూశాడు. ఆ క్షణంలో లోపల ఫోన్ మోగితే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకోను.

"ఈ బ్యాచ్‌లో లేదండీ. కింద ఉండండి, సాయంత్రం బ్యాచ్ వాళ్ళను అడిగి చెబుతాం" అన్నాను. ఆయన ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడుతూ మెట్ల వైపు వెళ్ళాడు. వెళ్ళిపోయాడని నమ్మకం లేదు. మెట్ల మలుపులో మాట వినబడుతూనే ఉంది.

తలుపు కొడితే మమత తీసింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఏడుస్తోంది. ఆమె ఫోన్ నా చేతికిచ్చింది.

"ఏమైంది మేడం? నాకేమైంది?" అంటున్నాడు అవతల మనిషి. వెనక అరుపులు, లారీల హారన్లు. "బాటసింగారం పండ్ల మార్కెట్ల బత్తాయి లోడు దించుతున్న. ఫోను క్యాబిన్ల పెట్టిన."

విషయం చెప్పాను.

"నేనొస్తున్న. బిడ్డను కిందికి పంపకుండ్రి మేడం. ఎవలు చెప్పినా పంపకుండ్రి."

పోలీసులు రావడానికి అరగంట పట్టింది. ఒక మహిళా కానిస్టేబుల్, ఇంకో ఆయన. అప్పటికీ కారు కిందే ఉంది. అతని తాలూకు ఇద్దరు కారులో కూర్చున్నారు, ఆ మనిషి టిఫిన్ బండి పక్కన నిలబడ్డాడు. పోలీసులు అడిగితే, మా ఇంటి కోడలు, ఇంటి పంచాయితీ, మీకేం సంబంధం అన్నాడట. తండ్రి ఎవరిదో బైకు మీద వచ్చాడు. ఒంటి మీద మార్కెట్ దుమ్ము, ఎండిన ఆకులు అలాగే ఉన్నాయి. మెట్లెక్కి వచ్చి కూతుర్ని చూసి, ఆమె తల మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఆ తర్వాత వాళ్ళంతా పోలీసు స్టేషన్‌కు వెళ్ళారు. తండ్రీకూతుళ్ళు ఫిర్యాదు రాసిచ్చారు. మమత అప్పటిదాకా ఉన్న హాస్టలు ఆ సాయంత్రమే ఖాళీ చేసి ఎల్బీ నగర్ వైపు ఇంకోచోటికి మారింది.

అత్తింటివాళ్ళకు మా సెంటర్ సంగతి ఎలా తెలిసిందన్నది రెండు రోజుల తర్వాత బయటపడింది. మా వారపు పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళ ఫొటో సెంటర్ ఫేస్‌బుక్ పేజీలో పెడతాం. పిల్లలకు ఉత్సాహం, సెంటర్‌కు పేరు. మార్చిలో ఒక వారం మొదటి ర్యాంకు మమతది. "ఫొటో ఒద్దు మేడం" అంది ఆ అమ్మాయి. "సిగ్గెందుకమ్మా, కష్టపడి తెచ్చుకున్నావు" అని నవ్వి నా ఫోన్‌తో నేనే తీశాను. పేరు, బ్యాచ్ టైముతో సహా పెట్టింది నేనే. ఈ మాట మమతకు ఫోన్‌లో చెప్పాను. "మీకు తెల్వది గద మేడం" అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆమె మళ్ళీ క్లాసుకు రాలేదు. రోజూ పాఠం రికార్డు చేసి పంపేదాన్ని. అర్థం కానివి ఫొటో తీసి అడిగేది. ఆ ఏడు పరీక్షలో కొద్దిలో పోయింది. తర్వాత ఇంకో పరీక్ష రాసింది. ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. ఏ ఉద్యోగమో, ఏ ఊళ్ళోనో ఇక్కడ రాయను. కోర్టులో కేసు ఇంకా నడుస్తోంది.

ఈ సంగతి చెప్పినప్పుడు చాలామంది, భలే పట్టుకున్నారు మేడం, మీ సబ్జెక్టు పనికొచ్చింది అంటారు. నాకు అలా అనిపించదు. ఆయన తడబడ్డాడు కాబట్టి పట్టుబడ్డాడు. బాబాయినని చెప్పి ఉంటే ఏ గీతా తప్పేది కాదు. కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆ అమ్మాయిని నేనే కారు దాకా దింపి వచ్చేదాన్ని. అసలు ఆ రోజు నిజం తెలిసింది మమతను అడిగాకే. బంధుత్వం ఎంత దగ్గరదైనా, వచ్చిన మనిషి మాటకంటే ముందు లోపలున్న మనిషిని అడగాలి. పదకొండేళ్ళు చుట్టరికాలు పాఠంగా చెప్పిన నాకు ఆ పాటి తెలియలేదు.

ఇప్పుడు పని చేసే చోట ఫొటోలు పెట్టం. అడ్మిషన్ ఫారంలో నేను పట్టుబట్టి ఒక గడి చేర్పించాను: మీరిక్కడ చదువుతున్నారని ఎవరికి చెప్పవచ్చు? క్లాసులు మొదలయ్యాక మొదటి బ్యాచ్ ఫారాలు నేనే కూర్చుని చూశాను. చాలామంది అమ్మ, నాన్న, అన్న అని రాశారు. ముగ్గురు అమ్మాయిలు మాత్రం 'ఎవరికీ వద్దు' అని రాశారు. ముగ్గురూ నాకు తెలిసినవాళ్ళే. రోజూ ముందు బెంచీల్లో కూర్చుని, నేను నవ్విస్తే నవ్వేవాళ్ళు.