లేవని చెయ్యి

తొంభైల మాట. పద్మారావు నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో నేనూ సుగుణా టీచర్లం. సుగుణ తన తరగతి నియమాలన్నీ పిల్లలతో చర్చించి, ఓటు వేయించి పెట్టేది. ఆ పద్ధతి మంచిదని ఆమెతో చాలాసార్లు అన్నాను.

ఒకరోజు హెడ్మిస్ట్రెస్ మమ్మల్నందరినీ పిలిచి, "డెమోక్రసీ అంటున్నారుగా! క్లాసులో ఈ ఓట్లు ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి" అంటూ ఒక్కొక్కరినీ చూసింది. సుగుణ ఒక్కతే చెయ్యెత్తింది. నా ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. తల దించుకున్నాను.

బయట సుగుణ క్లాసు పిల్లలు ఆమె చుట్టూ మూగారు.

"ఎన్ని ఓట్లొచ్చినయ్ టీచర్?"

"ఒకటే. ఓడిపోయాం."

"గట్లెట్ల? ఈ టీచర్ మీ దోస్తే గదా!" ఒకమ్మాయి నన్ను చూపించింది.

"ఎవరినీ ఓటు గురించి నిలదీయకూడదని మనమే అనుకున్నాం కదే" అంది సుగుణ.

ఆమె నన్నెప్పుడూ అడగలేదు. అడగకపోయినా నేనే చెప్పాల్సింది. చెప్పలేదు. పోయిన నెల సుగుణ చనిపోయింది.