రాణి పాఠంలో సుద్దగీత

షేర్ ఆటోలో మర్నాటి చరిత్ర పాఠం చూసుకుంటున్నాను. పక్కన కూర్చున్నామె పుస్తకంలోని బొమ్మ చూపించి, “గీ రాణి ఎవరు టీచరమ్మా?” అంది.

“కాకతీయ రాణి. మగవేషంలో రాజ్యమేలింది,” పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను.

“ఏలిందంటే సాలదా? బట్టల ముచ్చటేంది?” ఆమె విసుక్కుంది. “మా ఆయన మంచాన వడ్డడు. బట్ట నేసే కరెంటు సాంచాలు నేనే నడుపుతున్న. ఆడది నేసిందంటే సేటు తప్పులెతుకుతడని, ప్రతి బట్టతాను మీద సుద్దతోటి ఆయన పేరే రాస్తున్న. నాది గూడ మగవేషమేనా?”

సుద్ద అంటిన వేలితో నా పుస్తకంలోని ఆ వాక్యాన్ని గట్టిగా కొట్టేసి, నార్పోలి స్టాపులో దిగిపోయింది.

మర్నాడు తరగతిలో ఆ తెల్లటి గీత తుడిచి, అదే వాక్యాన్ని పిల్లలచేత బట్టీ పట్టించాను. పరీక్షలో మార్కులు దానికే.